ఎవరూ ముట్టుకోని పార్సిల్

మా ఇంట్లో బొంత కుట్టడం ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పలేదు. అమ్మ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఉంటే నాకే వచ్చేసింది. నాలుగో తరగతితో నా చదువు ఆగిపోయింది. అక్షరాలు వచ్చు గానీ, రాస్తే వరసలో నిలబడవు, సంతలో జనంలా తలో దిక్కూ పోతాయి. గుడ్డ సంగతి వేరు. ఒక్కసారి చేత్తో తడిమిన చీర నాకు జన్మంతా గుర్తుంటుంది. మా అన్నయ్య పడుకున్న బొంతలో నడిమి చీర మామిడిపిందెలది, నా దాంట్లో నేరేడుపండు రంగుది. అమ్మ కుట్టిన పదకొండు బొంతల్లో ఏది ఏ చీరలతో కుట్టిందో ఇప్పుడడిగినా చెబుతాను.

ఈ పనికి బయట గిరాకీ ఉందని కనిపెట్టింది మా కోడలు. గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ కొట్లో బిల్లులు రాస్తుంది. మనవరాలికి నేను కుట్టిన బొంతను ఫోటో తీసి ఫోన్లో అందరికీ కనిపించేట్టు పెట్టింది. రెండు రోజులకు వంటింట్లోకి వచ్చి, "అత్తయ్యా, హైదరాబాదు నుంచి ఒకావిడ అడుగుతోంది. వాళ్ళ అత్తగారి చీరలు పంపితే కుట్టిస్తారా అని" అంది.

"అత్తగారు ఉందా, పోయిందా?"

"ఉందట."

"అయితే ఆవిడకి చెప్పే పంపుతోందేమో కనుక్కో ముందు" అన్నాను.

అలా మొదలైంది. వాళ్ళింటి చీరలు వాళ్ళు పంపుతారు, నేను కుట్టి తిరిగి పంపుతాను. గుణదలలో కొండవైపు పోయే సందులో మాది రెండు గదుల ఇల్లు. ముందు గది నేల మీద చీరలు పరిచి, నాలుగు మూలలా పప్పు డబ్బాలు బరువు పెట్టి, మధ్యలో నుంచి అంచుకు కుట్టుకుంటూ వస్తాను. ఎక్కువగా అడిగేది చంటిపిల్లలకే. పుట్టిన బిడ్డ కింద కొత్త బట్ట వేయకూడదంటారు మా వైపు. పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన బట్టే వేయాలి, వాళ్ళ ఆయుష్షు బిడ్డకు రావాలని. ఆయుష్షు మాట దేవుడెరుగు, అంత మెత్తని గుడ్డ ఏ కొట్లోనూ దొరకదన్నది మాత్రం నిజం.

పార్సిల్ పోవడమంటే ఏమిటో మొదటి ఏడాదే తెలిసొచ్చింది. ఒకటి అదే పేరున్న ఇంకో ఊరికి పోయి, ఇరవై రోజులకు తిరిగి మా గుమ్మంలోకే వచ్చింది. ఇంకొకటి ఇచ్చేసినట్టు ఫోన్లో చూపిస్తోంది, వాళ్ళేమో అందలేదంటారు. తీరా చూస్తే పక్కింటావిడ తీసుకుంది. ఇవ్వడం మర్చిపోయి, చలిగా ఉందని వాళ్ళ మామగారికి కప్పేసింది. మేం కనుక్కునేసరికి అది ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. ఆయన దాన్ని వదలనని ఒకటే గొడవ. చివరికి ఆయన కోసం ఇంకోటి కుట్టాల్సి వచ్చింది. అప్పటినుంచి పార్సిల్ అందలేదని ఫోనొస్తే నేను ముందు అడిగేది ఒకటే. "అమ్మా, మీ పక్కింట్లో ముసలివాళ్ళున్నారా?"

కోడలు నవ్వేది గానీ, ఈ విషయంలో మా ఇద్దరిదీ ఒకే మాట. పంపేశాం, ఇక మాకు సంబంధం లేదు అనకూడదు. పక్కిళ్ళు అడగాలి, వాచ్‌మన్‌ను అడగాలి, కొరియర్ వాళ్ళ దగ్గర కూర్చోవాలి. ఇంకా దొరక్కపోతే నా దగ్గరున్న మంచి వాయిలు చీరలతో కొత్తది కుట్టి పంపాలి. అప్పటిదాకా పోయినవన్నీ ఏదో రకంగా సర్దుబాటు చేయగలిగినవే. సర్దుబాటుకు లొంగనిది మాత్రం టీచరుగారిదే.

ఆవిడది పామర్రు అవతల కాలువ పక్క ఊరు. బళ్ళో చెప్పి రిటైరైంది. తొంభై దాటిన తల్లి మూడు నెలల కిందట నిద్రలోనే పోయింది. ఆ తర్వాత టీచరుగారి కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు ఉయ్యాల్లో వేసేటప్పుడు, ఆ పిల్ల కింద ముత్తవ్వ చీరల బొంత ఉండాలన్నది ఆవిడ కోరిక. మూడు చీరలు పంపి ఫోన్ చేసింది.

"ఉన్నవి ఈ మూడేనండీ. మిగతావి మా చాకలామెకిచ్చేశాం. అప్పుడు తోచలేదు."

వంకాయరంగు మీద తెల్ల పూల వాయిలు ఒకటి, ఆకుపచ్చ గళ్ళ నేతచీర ఒకటి, సన్న చుక్కల తెల్లచీర ఒకటి. తెల్లదాన్ని మాత్రం ఉతకొద్దంది. చివరి రోజు వాళ్ళమ్మ కట్టుకున్నది అదేనట. విప్పి చూస్తే కర్పూరం, తలనొప్పి మందు, కొంచెం పొగచూరిన వాసన. మా అమ్మ దగ్గరా ఇదే వాసన వచ్చేది. నేనా చీరను మధ్య పొరలో పెట్టి, ఒక మూల జానెడు మేర కుట్టకుండా వదిలేశాను. టీచరుగారు చెయ్యి పెట్టి తడుముకోవచ్చు, ముక్కు దగ్గర పెట్టుకోవచ్చు. తర్వాత కుట్టుకోవాలనిపిస్తే నాలుగు పోట్లు, అంతే.

బొంత అయ్యింది. పిల్ల పుట్టి పన్నెండో రోజు. అసలు తప్పు ఇక్కడే జరిగింది, చేసింది నేనే.

మామూలుగా పార్సిల్ కోడలు కడుతుంది. లోపల ప్లాస్టిక్ కవరు వేసి, పైన తెల్లగుడ్డ చుట్టి నాకిస్తే నేను కుడతాను. తర్వాత ఆమె గుడ్డ మీద లావుపాటి పెన్నుతో అడ్రసు రాస్తుంది. ఆ రోజు కవరు వేసి పెట్టి, రెండు రోజులని పుట్టింటికి వెళ్ళింది. వచ్చేదాకా ఆగమంది. నాకు ఆగబుద్ధి కాలేదు. గుడ్డ చుట్టి కుట్టేశాను. అడ్రసు రాద్దామని పెన్ను పట్టుకున్నాను గానీ, ఆవిడ టీచరుగారు కదా, నా కాకిగీతలు చూసి ఏమనుకుంటుందోనని మళ్ళీ మూత పెట్టేశాను. ఎలాగూ కౌంటర్లో స్టిక్కర్ అంటిస్తారు కదా అనుకున్నాను.

బోసిగా పంపడానికి మనసొప్పలేదు. పసిబిడ్డ కిందకు పోయే బట్ట, దారిలో పదిమంది చేతులు పడతాయి, పదిమంది కళ్ళు పడతాయి. నాలుగు మూలలా తడి పసుపు రాసి, మధ్యలో ఇంత కుంకుమ బొట్టు పెట్టాను. నల్లతాడుకు వసకొమ్ము గుచ్చి పార్సిల్‌కు అడ్డంగా కట్టాను. గుప్పెడు ఉప్పుతో దిష్టి కూడా తీశాను. కొరియర్ కౌంటర్లో మనిషి ఫోన్లో మాట్లాడుతూనే, నేను చూపించిన అడ్రసు కొట్టుకుని, తడి పసుపు మీదే స్టిక్కర్ అంటించాడు. రేపటికల్లా చేరుతుందన్నాడు. బయట వాన మొదలైంది. గంటన్నర దూరానికి నేనే పట్టుకెళ్ళొచ్చు కదా అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు తోచలేదు.

రేపు పోయింది, ఎల్లుండి పోయింది. కోడలు వచ్చి నంబరు కొట్టి చూసింది. బెజవాడలో బయల్దేరింది. అంతే. తర్వాత గీత కదల్లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించి, విచారిస్తున్నామని చెప్పి పెట్టేశారు. టీచరుగారు రోజూ చేసేది. "వస్తుందండీ, దార్లో ఉంది" అని నేను రోజూ అనేదాన్ని. అనడం అయ్యాక అన్నం సయించేది కాదు.

నాలుగో రోజు నాకొక పాడు ఆలోచన వచ్చింది. ఆ మూడు చీరలూ నా కళ్ళ ముందే ఉన్నాయి. ఏ పువ్వుకు ఎన్ని రెక్కలో, ఏ గడి ఎంత వెడల్పో తెలుసు. పాత బట్టల వాళ్ళ దగ్గర వెతికితే అలాంటివే దొరుకుతాయి. మూడు రోజులు కూర్చుంటే అచ్చం అలాంటిదే కుట్టేయగలను. కోడలితో అన్నాను.

ఆమె అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "ఆ వాసన ఎక్కడ కొంటారత్తయ్యా?"

ఫోన్ నాకే ఇచ్చి, "మీరే చెప్పండి. నేను చెబితే బాగోదు" అంది. చెప్పాను. ఇన్ని రోజులుగా దార్లో ఉందన్నది నాకు తెలిసి కాదు, తెలియక అన్నానని చెప్పాను. అవతల పిల్ల ఏడుపు వినపడింది.

"ఏమండీ, నేను కోప్పడను" అంది టీచరుగారు. "ముప్పై ఏళ్ళు బళ్ళో కోప్పడి కోప్పడి ఉన్నదంతా అయిపోయింది. కానీ వెతకండి. పోయిందన్న మాట మాత్రం బారసాల దాకా నాతో అనకండి."

తిట్టినా బాగుండేది. బారసాలకు ఒక్కరోజు ముందు పొద్దున్నే పామర్రు బస్సెక్కాను. "పార్సిల్ గుర్తులు చెప్పి మరీ వెతకండి, అన్నీ చెప్పండి" అని కోడలు మెట్ల మీద నుంచి అరిచింది. నేను ఆమెకు పసుపు, తాడు సంగతి చెప్పనేలేదు. చెబితే తిడుతుందని.

పామర్రులో ఆ కొరియర్ వాళ్ళది ఎరువుల కొట్టు పక్కన ఒక గది. బల్ల దగ్గర ముప్పై ఏళ్ళ మనిషి టీ తాగుతున్నాడు. నంబరు చెప్పాను. చూశాడు.

"రాలేదమ్మా. బెజవాడలో బయల్దేరినట్టుంది. ఇక్కడ దిగినట్టు లేదు."

"బయల్దేరింది దిగకుండా ఎక్కడికి పోద్ది నాయనా? మధ్యలో దిగి టిఫిన్‌కి వెళ్ళిందా?"

నవ్వాడు. "ఎలా ఉంటదండీ?"

"ఇంత ఉంటది. తెల్లగుడ్డలో పెట్టి కుట్టాను. మూలలకి పసుపు..."

టీ గ్లాసు కింద పెట్టేశాడు. "నల్లతాడుందా?"

"ఉంది!"

"తాడుకి ఎముక ముక్కుందా?"

"ఎముకేంటి, వసకొమ్ము!"

కుర్చీ వెనక్కి జరిపి, నా వంకే చూస్తూ లోపలికి కేకేశాడు. "ఏవయ్యో, ఇటురా! దాని తాలూకు మనిషొచ్చింది!"

లోపల్నుంచి కాస్త పెద్దాయన వచ్చాడు. వచ్చి, గుమ్మం దాటకుండా అక్కడే నిలబడ్డాడు. "ఎవరి మీద పంపారండీ అది?"

"మీద పంపడమేంటి? బారసాలకి పంపాను!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత పెద్దాయనే చెప్పాడు. ఆ రోజు సంచీ గుమ్మరిస్తే అది పడింది. వానకు తడిసి ఎర్రగా కారుతోంది. స్టిక్కర్ లేదు, పేరు లేదు, ఊరు లేదు. నల్లతాడొకటి. దాన్ని ఎత్తి పక్కన పెట్టింది ఆయనే. తెల్లారేసరికి నూట మూడు జ్వరం.

"ఆ రోజు వానలో తడిశారా?" అన్నాను.

"తడిశాననుకోండి. అయినా..."

"ఇప్పుడెక్కడుంది?"

కుర్చీలో మనిషి గొంతు తగ్గించాడు. "అమావాస్య నాడు కాలవలో వదిలేద్దామనుకున్నామండీ."

"అమావాస్య ఎప్పుడు?"

"నిన్ననే."

బల్ల పట్టుకున్నాను. ఆ మూడు చీరలూ నీళ్ళలో విచ్చుకుని పోతున్నట్టే కనిపించింది.

"వదల్లేదండీ, వదల్లేదు" అన్నాడు పెద్దాయన గబగబా. "ఎవరు మోసుకెళ్ళాలో తేలక చీటీలేశాం. నా పేరొచ్చింది. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆ పనికెళ్తే మళ్ళీ గడప తొక్కొద్దంది."

ఆ ఇల్లాలెవరో గానీ చల్లగా ఉండాలి.

వెనక పెరట్లో, రేకుల చూరు కింద, ఒక ఇనప తొట్టి బోర్లించి ఉంది. దాని మీద ఇటుక. ఇటుక మీద కోసిన నిమ్మకాయ, ఎండిపోయి ఉంది. ఇద్దరూ తలుపు దగ్గరే ఆగిపోయారు. నేను వెళ్ళి ఇటుక తీసి, తొట్టి పక్కకు నెట్టాను. నా పార్సిలే. కుంకుమ కారి ఎండి, చూడ్డానికి నిజంగానే భయమేసేట్టుంది. వాళ్ళననడానికి లేదు. నా ఇంటి ముందు పడినా నేనూ చీపురుతోనే నెట్టేదాన్ని.

చంకలో పెట్టుకుని బయల్దేరబోతే కుర్చీలో మనిషి అడ్డం పడ్డాడు. "ఊరికే ఇవ్వకూడదమ్మా. స్టిక్కర్ లేదు కదా. లోపలేముందో చెప్పాలి."

"ఇన్నాళ్ళు ముట్టుకోని సరుక్కి ఇప్పుడు రూల్సా?" అన్నాను గానీ, అతను అడిగింది న్యాయమే. కళ్ళు మూసుకుని చెప్పాను. పైన వంకాయరంగు వాయిలు, తెల్ల పూలు, పూవుకి ఐదు రెక్కలు. కింద ఆకుపచ్చ గళ్ళ నేతచీర, ఒక గడిలో చిన్న మాటు ఉంది, అది నేను వేసింది కాదు, పాతది. కుట్టంతా తెల్లదారం. ఒక మూల జానెడు కుట్టలేదు, అందులో చెయ్యి పెడితే చుక్కల చీర తగులుతుంది.

అతను బ్లేడుతో గుడ్డ కోశాడు. కోడలు వేసిన ప్లాస్టిక్ కవరు లోపల బొంత పొడిగా, కుట్టిన నాడు ఎలా ఉందో అలాగే ఉంది. చెప్పినవన్నీ ఒక్కొక్కటే చూశాడు. మాటు దగ్గరకొచ్చేసరికి తల ఊపాడు. నేను అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. వారం రోజుల తర్వాత ఆకలేసింది. అదే మొదట తెలిసింది నాకు, ఆకలి.

పెద్దాయన మెల్లగా దగ్గరికొచ్చి ఒక వేలితో తాకాడు. తర్వాత అరచెయ్యి మొత్తం పెట్టాడు. "ఎంత మెత్తగుందండీ! మా అమ్మాయికి ఏడో నెల."

"మీ ఇంట్లో పెద్దావిడ చీరలుంటే పంపండి, కుట్టిస్తా."

"పంపుతా గానీ, తాడు మాత్రం కట్టకండమ్మా. మావాళ్ళే మోసుకురావాలి."

ఇడ్లీ తిని, ఆటో మాట్లాడుకుని టీచరుగారి ఊరెళ్ళాను. మొదటిసారి చూడ్డం ఆవిణ్ణి. సన్నగా, పొడుగ్గా ఉంది. వరండాలో చుట్టాల ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉయ్యాలకు పూలదండలు కడుతోంది. నేనెవరో చెప్పకముందే నా చంకలో ఉన్నది చూసి లేచింది. కూర్చోమనలేదు, మంచినీళ్ళిమ్మనలేదు. బొంత తీసుకుని, తడుముకుంటూ ఆ మూల కోసం వెతికింది. దొరగ్గానే అందరికీ వీపు పెట్టి నిలబడి, ఆ జానెడు సందులో ముఖం పెట్టింది.

కాసేపటికి ఇటు తిరిగింది. "ఉందండీ. అలాగే ఉంది" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "సూది తెచ్చారా?" అంది.

నా జాకెట్టుకు ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉంటుంది. దారం ఆవిడ ఇచ్చింది.

"కుట్టేయండింక. నాకు చాలు. మిగిలింది దానికుండనివ్వండి" అని లోపల పడుకున్న పిల్ల వైపు చూపించింది.

ఆ వరండాలోనే కూర్చుని కుట్టాను. కుడుతూ కుడుతూ జరిగిందంతా చెప్పాను, పెన్నుకు మూత పెట్టేయడం దగ్గర్నుంచి ఇటుక మీద నిమ్మకాయ దాకా. చుట్టాలు నవ్వుకున్నారు. టీచరుగారు నవ్వలేదు. "అక్షరాలు వంకరైతే ఏవండీ? నా దగ్గర చదివినవాళ్ళలో సగం మందివి అంతే. వాళ్ళకి ఉత్తరాలు చేరడంలేదా?" అంది. నిజంగా బడిపిల్లలా తల వంచుకున్నాను. దారం తుంచుతుంటే నా వైపు వంగి, మెల్లగా అడిగింది. "ఆ వసకొమ్ము పారేశారా?"

"లేదండీ, సంచీలో ఉంది."

"ఇటివ్వండి. పిల్లకి అరగదీసి నాలిక్కి రాస్తే మంచిది."

బారసాలకు ఉండమన్నారు. ఉండలేదు గానీ, పిల్లను ఒకసారి బొంత మీద పడుకోబెట్టి చూపించారు. చేతులు రెండూ చాచి, ముఖం వాయిలు పూలకు ఆనించి నిద్రపోయింది. బస్సులో నేనూ అలాగే నిద్రపోయాను. బెజవాడ బస్టాండులో కండక్టరు లేపితే గానీ లేవలేదు.

కోడలికి తాడు సంగతి చెప్పక తప్పలేదు. అనాల్సినవన్నీ అంది. బొట్టు పెట్టుకోవాలంటే ఇక లోపలి కవరు మీదే పెట్టుకోమంది, ఒప్పుకున్నాను. అడ్రసు మాత్రం ఇప్పుడు నేనే రాస్తున్నాను, గుడ్డ మీద ఒకసారి, లోపల చీటీ మీద ఒకసారి. ఆ తర్వాత ఒక రోజు కంపెనీ నుంచి ఫోన్లో మెసేజి వచ్చింది. కోడలు చదివి వినిపించింది. మీ పార్సిల్ ఆచూకీ ఎంత వెతికినా దొరకలేదు, చింతిస్తున్నాం అని. అదే వేళకు టీచరుగారు ఒక ఫోటో పంపింది. అందులో బొంత, ఆకుపచ్చ గళ్ళ వైపు కనిపించేట్టు, వాళ్ళ పెరట్లో తీగ మీద ఆరుతోంది. అప్పటికది మూడోసారి ఉతకడమట.